పాటల పోటీలు – సంకలనధర్మము

పలువురు కవుల రచనలనుండి కొన్నింటిని ఏర్చి యొక చోటఁ గూర్చుట విమర్శనమునకుఁ దొలిమెట్టు. ఏర్చువాఁడు నోరు విప్పి యొక్క మాటయుఁ జెప్పకున్నను, ఇది గ్రాహ్యము, ఇది త్యాజ్యము అని తీర్పు చెప్పినవాఁడే యగుచున్నాఁడు. హేతువు చెప్పని తీర్పు గావున దాని బలము మఱింత హెచ్చు. వాదింపని విమర్శకునితో వాదించుట కెవ్వరికిని వీలు లేదు గదా!

నేఁడు తెలుఁగునాట నిట్టి మౌనవిమర్శనము మిక్కిలి విరివిగా జరుగుచున్న తావు పండితసభ గాదు, అచ్చుకూటమును గాదు. టెలివిజనులో నడచు పాటల పోటీ. అందుఁ బాల్గొను బాలబాలికలు వేలకొలఁది పాటలనుండి యొకదానిని ఏర్చుకొని పాడుదురు. వానిలో బాగుగాఁ గుదిరిన వనుకొన్నవానిని మరల నేర్చి, కొన్ని దేశములందు ఆల్బములుగాఁ గూర్చియు, మన దేశమున యూట్యూబునందు విడివిడిగా నిలిపియుఁ బ్రకటించుచున్నారు. ఇట్లు రెండు జల్లెడలు పట్టఁగా మిగిలిన పాటలే తెలుఁగుపాట యనఁగా నింతియే యని యీ తరమువారికిఁ దోఁచుచున్నవి. ఆ యెంపికకు లక్షణ మేమి, ఆ కూర్పునకు ధర్మ మేమి యని విచారించుటయే యీ వ్యాసమున కుద్దేశము.

సినిమాపాటలకుఁ బండితపత్రికలోఁ జోటేల యని కొందఱు శంకింపవచ్చును. హాలసాతవాహనుఁడు ప్రాకృతగాథలను గూర్చిన కాలమున ఆ గాథలలోని పల్లెపడుచులును, హాలికులును, బాటసారులును సంస్కృతగోష్ఠికిఁ దగినవారుగా నెవ్వరికిఁ దోఁచి యుందురు? కోటిగాథలనుండి యేడువందలను ఏర్చితి నని యా గ్రంథారంభమునఁ జెప్పఁబడినది. కోటి యన్న సంఖ్య యతిశయోక్తియే కావచ్చును. ఏర్చుట మాత్రము సత్యము. ఆ యేఱికయే లేకున్నచో నా పల్లెజీవన మంతయు నేఁడు మనకు మూఁగవోయి యుండును. కావున జనుల నోటనున్న పాటను ఏర్చుట పండితులు విచారింపఁదగని విషయము గాదు.

మన ప్రాచీనసంకలనములను బరిశీలించినచో వానియందు మూఁడు ధర్మములు కానవచ్చును.

మొదటిది కర్తృనామనిర్దేశము. క్రీ.శ. 1205లో వంగదేశమున శ్రీధరదాసుఁడు కూర్చిన సదుక్తికర్ణామృతమునందును, కాశ్మీరమున వల్లభదేవుఁడు కూర్చిన సుభాషితావళియందును శ్లోకములతోఁ బాటు కవుల పేరులు నిలిచినవి. వేఱొక చోట నెచ్చటను వినఁబడని కవులెందఱో యా సంకలనములవలననే నామమాత్రముగా నైనను జీవించి యున్నారు. గాథాసప్తశతి ప్రతులందును గాథాకర్తల పేరులు గలవు.

రెండవది పాఠశుద్ధి. ఒక పద్యమును గ్రంథమునుండి వేఱుచేసి చూపునపుడు దానికి ముందువెనుకల సందర్భము తోడుండదు. ఒక్క యక్షరము తప్పినను సవరించుకొనుట కాధారము లేదు. కావున సంకలనకర్తకుఁ బాఠమునెడ నుండవలసిన జాగరూకత మూలగ్రంథలేఖకునికంటె నెక్కువ.

మూఁడవది లుప్తోద్ధరణము, అనఁగా మఱుఁగున పడుచున్నదానిని నిలుపుట. మడికి సింగన సకలనీతిసమ్మతమును గూర్పకున్నచో, నేఁడు దొరకని నీతిగ్రంథముల పద్యము లనేకములు మనకుఁ దెలియకపోయెడివి. పెదపాటి జగ్గన ప్రబంధరత్నాకరమును గూర్పకున్నచో నెందఱు పూర్వకవుల పేరులు మాసిపోయెడివో! వేటూరి ప్రభాకరశాస్త్రిగారు చాటుపద్యమణిమంజరిని గూర్చుటలోని యుద్దేశమును నిదియే. అందఱకును గంఠస్థమైన దానినే మరల వ్రాసిపెట్టుట సంకలనకర్తకు గొప్ప పని గాదు. రేపటికి దొరకనిదానిని నేఁడు నిలుపుట గొప్ప పని.

ఈ మూఁడు ధర్మములతో నేఁటి పాటల పోటీలను సరిచూతము.

తెలుఁగు పోటీలలో మొదట నెన్నఁదగినది ఈటీవీవారి ‘పాడుతా తీయగా’. అది 1996లో మొదలయినది. శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యముగారు దానిని నడపిరి. 2020 సెప్టెంబరు 25న వారు దివంగతులైన పిమ్మట వారి కుమారులు చరణ్‌గా రా భారమును వహించిరి. ఆ కార్యక్రమమునఁ బాడువారు పాటకు ముందుగా నా చిత్రము పేరును, రచించినవారి పేరును, స్వరము కూర్చినవారి పేరును, తొలుతఁ బాడినవారి పేరును జెప్పుట పరిపాటి. చూచుటకుఁ జిన్నమర్యాదగాఁ దోఁచును గాని, దీని ప్రయోజనము గొప్పది. సినిమాపాట నటునిదిగా లోకమునఁ జెల్లును. కొంత తెలిసినవారికి గాయకునిది. కవి మూఁడవవాఁడో నాలవవాఁడో యగును. అట్టి స్థితిలోఁ బదియేండ్ల పిల్లవాఁడు వేదికపై నిలిచి పింగళి నాగేంద్రరావుగారి పేరును, మల్లాది రామకృష్ణశాస్త్రిగారి పేరును, దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి పేరును ఉచ్చరించుచుండఁగా నింటింటను వినుచుండుట సారస్వతసేవ గాక మఱేమి? మొదటి ధర్మమును బాలసుబ్రహ్మణ్యముగారు చక్కఁగా నెఱిఁగినవారని చెప్పఁదగును.

అయితే యా పాటలే పోటీవేదికనుండి విడివడి సంకలనములలోఁ జేరునపు డీ మర్యాద తఱచుగా జాఱిపోవుచున్నది. పాడిన పిల్లవాని పేరు పెద్దయక్షరములతో నుండును. మూలగాయకుని పేరు కొన్నియెడల నుండును. కవి పేరు వెదకికొనవలసినదే. ఈ విషయమున మన దేశపు శాసనముకూడఁ దెలిసికొనఁదగినది. 1957 నాఁటి కాపీరైటు చట్టమును 2012లో సవరించినపుడు, పూర్వము ధ్వనిముద్రణము పొందిన పాటను వేఱొకరు మరలఁ బాడి ముద్రించుకొనుటకుఁ గొన్ని నియమములు చేసిరి. తొలిముద్రణము జరిగిన సంవత్సరము ముగిసిన పిమ్మట నైదేండ్లు గడవవలెను. హక్కుదారులకు ముందుగాఁ దెలిపి, సంవత్సరమునకు నేఁబదివేల ప్రతులకుఁ దక్కువ గాకుండ రుసుము చెల్లింపవలెను. ఇది మరలఁ బాడిన పాట యని పైయట్టపైఁ జెప్పవలెను. పూర్వగాయకుని పేరు గాని రూపము గాని, ఆ పాట యున్న చిత్రము గాని యందుఁ జూపరాదు. కొనువారు భ్రమపడకుండుటకై చేసిన నియమమిది. పాటల కంపెనీతో వేఱుగా నొడంబడిక చేసికొన్నవారికి నీ నియమముల నిర్బంధము లేదు గాని, ఈ మార్గమున ముద్రించుకొనువా రెల్లరు దీనికి లోఁబడవలసినదే. ఇందు గమనింపవలసిన దొకటి కలదు. గాయకుని పేరునకు నిషేధము గలదు. చిత్రమునకు నిషేధము గలదు. కవి పేరునకును స్వరకర్త పేరునకును నిషేధము లేదు. కావున నెవ్వరి పేరులు విడువఁబడినను శాసనమును నెపముగాఁ జూపవచ్చును గాని, కవి పేరు విడిచినవారికి నా నెపమును లేదు.

మా సీమలోని లేపాక్షి వీరభద్రాలయపు నాట్యమండపమును జూచినవారికి నీ సంగతి తేటపడఁగలదు. అక్కడి శిల్పి నాట్యమాడు రంభను మాత్రమే చెక్కి యూరకుండలేదు. తుంబురుఁడు మున్నగు వాద్యగాండ్రను జుట్టునున్న కంబములపై నిలిపినాఁడు. అచ్యుతదేవరాయల కాలపు శిల్పులకుఁ దెలిసిన మర్యాద మన కాలపు సంకలనకర్తలకుఁ దెలియకపోవలసిన పని లేదు.

రెండవదగు పాఠశుద్ధిని విచారింతము. పాణినీయశిక్షయందుఁ బాఠకునికి నాఱు గుణములు చెప్పఁబడినవి: మాధుర్యము, అక్షరవ్యక్తి, పదచ్ఛేదము, సుస్వరత, ధైర్యము, లయసామర్థ్యము. అర్థ మెఱుఁగక చదువువానిని అధమపాఠకులలోఁ జేర్చినారు. వేదపాఠకునికిఁ జెప్పినదే యైనను పాడువారి కిది సరిపోవును. పోటీలలో న్యాయనిర్ణేతలు మాధుర్యమును, సుస్వరతను, ధైర్యమును, లయను మిక్కిలి నిశితముగాఁ బరీక్షింతురు. స్వర మొక్క వెండ్రుకవాసి తప్పినను బట్టుకొందురు. నడుమనున్న యక్షరవ్యక్తి, పదచ్ఛేదములు రెండును దఱచుగాఁ బరీక్షకు రావు. బాలసుబ్రహ్మణ్యముగారు లకార ళకారములను, శకార షకార సకారములను సవరించుచుండెడివారు గాని, అందఱు నిర్ణేతలకు నా శ్రద్ధ లేదు.

పదచ్ఛేద మేల ముఖ్యమో యొక చిన్న యుదాహరణము చెప్పెదను. ‘పాట నేర్చుకొనుట’ యన్నప్పుడు, పాట యను మాట తరువాత నేర్చుకొనుట యని విడఁదీసిన నభ్యసించుట యను నర్థము. ద్వితీయాంతముగాఁ ‘బాటన్ – ఏర్చుకొనుట’ యని విడఁదీసినఁ బలువానిలో నొకదానిని ఎన్నుకొనుట యను నర్థము. చెవికి నాదము రెంటియందును నొక్కటియే. ఎచ్చట నూపిరి నిలుపవలెనో యెఱిఁగి పాడిననే యర్థము నిలుచును. రాగము వెంటఁ బరువెత్తి మాట నడుమ నూపిరి దీయువాఁడు కవి కూర్చిన పదమును విఱిచినవాఁ డగును. పోటీ యాఁడు బాలబాలికలు పాటను ఏర్చుకొనుటలోఁ జూపు శ్రద్ధను బాట నేర్చుకొనుటలోఁ గూడఁ జూపవలె నని నా తాత్పర్యము.

అక్షరవ్యక్తి విషయమునఁ బండితులకును నొక హెచ్చరిక యవసరము. గ్రాంథికోచ్చారణ మొక్కటియే శుద్ధి యని యనుకొనరాదు. ఆ కార్యక్రమమునకుఁ బేరిచ్చిన పాటయే దీనికి సాక్ష్యము. అది 1964లో వచ్చిన ‘మూగమనసులు’ చిత్రములోనిది. రచన ఆచార్య ఆత్రేయగారిది, స్వరము కె.వి. మహదేవన్‌గారిది, పాడినవారు ఘంటసాల వేంకటేశ్వరరావుగారు. ‘పాడుతా’ యనునది ‘పాడుదును’ అను తద్ధర్మరూపమునకు మాఱుగా వ్యవహారమున నిలిచిన ‘పాడుతాను’ అనుదాని తుది నువర్ణము లోపింపఁగా నేర్పడినది. ఆ వెంట వచ్చు మాటలోఁ జకారమునకు మాఱుగా సకారము పలుకఁబడినది. పాడు పాత్ర పడవ నడపువాఁడు. పాత్రనుబట్టి భాష యని భరతముని చెప్పిన నియమమునకు నిది చక్కని యుదాహరణము. అచ్చట సకారమును జకారముగా సవరించి పాడిన పండితమ్మన్యుఁడు కవి నిలిపిన పాత్రను జెఱచినవాఁడే. అట్లే రాజపాత్ర నోటఁ జకారమును సకారముగాఁ బలికినవాఁడును జెఱచినవాఁడే. రెండును బాఠదోషములే. శుద్ధి యనఁగా వ్యాకరణసమ్మతి మాత్రమే గాదు, కవిసమ్మతి.

ఇంక నొక చిక్కు కలదు. ఇటీవలి చిత్రములలోఁ దెలుఁగు రాని గాయకులు పాడిన పాటలు పెక్కులు. వారి నోట ‘కళ’ యనునది ‘కల’ యగును. ‘వేళ’ యనునది ‘వేల’ యగును. పోటీలోఁ బాడు పిల్లలు మూలమును దు–చ తప్పక యనుకరింపఁబోయి యా తప్పులనుగూడ శ్రద్ధతో నేర్చుకొందురు. చూచినట్లే వ్రాసితిని, దోషమున్న నాది గాదు అని మన తాళపత్రలేఖకులు గ్రంథాంతమున విన్నవించుకొనెడివారు. పిల్లలకు నా విన్నప మొప్పును. సంకలనకర్తకు నొప్పదు. వాఁడు లేఖకుఁడు గాఁడు, పరిష్కర్త. కవి వ్రాసిన పాఠమును దెచ్చుకొని సరిచూచి, తప్పిన పాటను మరలఁ బాడించి కూర్పవలసిన బాధ్యత వానిది. పైఁ జెప్పిన శాసనమునందును, మరలఁ బాడువారు సాహిత్యమునఁ గాని స్వరమునఁ గాని యవసరము లేని మార్పు చేయరాదని యున్నది. ళకారమును లకారముగా మార్చుట యా శాసనమునకుఁ జిక్కునో చిక్కదో న్యాయవాదులు చెప్పుదురు గాక. సారస్వతశాసనమునకు మాత్రము చిక్కును.

మూఁడవది లుప్తోద్ధరణము. ఎంపిక యొక్క గుణదోషములు తేటగాఁ గనఁబడు తా విదియే.

పోటీలోఁ బాడువారికి రెండు నిర్బంధములు గలవు. నాలు గైదు నిమిషములలోఁ దన కంఠబల మంతయుఁ జూపవలెను. విను సభకు నా పాట ముందే తెలిసి యుండవలెను. తెలియకున్నచో మూలముతోఁ బోల్చి మెచ్చుకొనుటకు వారికి వీలుండదు. ప్రేక్షకులు ఫోనులద్వారా వోటు వేయు పోటీలలో నీ రెండవ నిర్బంధము మఱింత గట్టిది. కావున ‘జగదేకవీరుని కథ’ (1961)లోని ‘శివశంకరీ’, ‘జయభేరి’ (1959)లోని ‘రసికరాజ తగువారము కామా’, 1980లో వెలువడిన ‘శంకరాభరణము’లోని శాస్త్రీయగీతములు – ఇట్టివానిపైఁ బిల్లల చూపు మరలుట సహజము. ఇవి గొప్ప పాటలు. పెండ్యాల నాగేశ్వరరావుగారి స్వరరచనలు మొదటి రెండును. మూఁడవ చిత్రమునకు మహదేవన్‌గారికిని, బాలసుబ్రహ్మణ్యముగారికిని, వాణీజయరాంగారికిని జాతీయపురస్కారములు వచ్చినవి. వీనిని బాడరాదని యెవ్వఁడు చెప్పును? కాని యివి లుప్తములు గావు. లుప్తము లగు భయమును లేదు. తొలుతఁ బాడినవారి కంఠములందు నివి భద్రముగా నున్నవి. ఏఁటేఁట వీనినే మరలఁ గూర్చిన సంకలనము గంగలో నీరు పోసిన చందము.

ఈ నిర్బంధములు మనకు మాత్రమే గాదు. అమెరికాలో 2002లో మొదలైన ‘అమెరికన్ ఐడల్’ అను పోటీవారు ఏఁటేఁట నాల్బము వెలువరించిరి. వాని పేరులే మన కొక పాఠము చెప్పుచున్నవి. 2002 నాఁటి యాల్బమునకు ‘గొప్ప ఘట్టములు’ అని యర్థమిచ్చు పేరు పెట్టిరి. 2003లో నమెరికాదేశపుఁ బ్రేమగీతములను, 2004లో ‘సోల్’ అను నల్లజాతివారి గానశాఖకుఁ జెందిన ప్రసిద్ధగీతములను గూర్చిరి. ఈ రెంటియందును నేఱుటకు లక్షణము పాటలోనే యున్నది: ఒకట రసము, ఒకట జాతి. 2005 నాఁటి యాల్బము పేరు ‘షో స్టాపర్స్’, అనఁగాఁ జప్పట్ల మ్రోఁతతోఁ బ్రదర్శనమును నిలిపివేయునవి; 2006 నాఁటిది ‘ఎంకోర్స్’, అనఁగా సభ మరలఁ బాడు మని కోరునవి. ఈ పేరులందు లక్షణము పాటను విడిచి సభను జేరినది. ఐదేండ్లలో నామకరణ మిట్లు నడచినది. పాటలోని గుణమునుబట్టి యేఱుట యొక పద్ధతి. చప్పట్లనుబట్టి యేఱుట యొక పద్ధతి. రెండవది తప్పని చెప్పను. అది విమర్శనము గాదని చెప్పుదును. చప్పట్లు ఫలము గాని హేతువు గావు.

ఈ విషయమున మా అనంతపురసీమకుఁ జెందిన యొక మహనీయుని జ్ఞాపకము చేసికొనుట యవసరము. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు 1893లో నీ సీమలోని రాళ్లపల్లియందుఁ బుట్టినవారు. మైసూరు మహారాజా కళాశాలలోఁ జిరకాలము తెలుఁగు బోధించినవారు. సంగీత సాహిత్యములు రెంటను సమానాధికారము గలవారు. గాథాసప్తశతినుండి గాథలను ఏర్చి తెలిఁగించిన వారును వారే. తిరుమలక్షేత్రమునఁ దాళ్లపాకవారి రాగిరేకులు శతాబ్దములకొలఁది మఱుఁగున నుండి, 1922 ప్రాంతమున వెలుఁగుఁ జూచినవి. ఆ రేకులమీఁద రాగముల పేరులు గలవు, స్వరములు లేవు. దొరకిన యన్నమయ్య సంకీర్తనములు పండ్రెండువేల ప్రాంతము. వానిని బాడువారు లేరు, వినినవారు లేరు. అట్టి రాశినుండి శర్మగారు నూటయెనిమిదింటిని ఏర్చి స్వరపఱచిరి. చప్పట్లే ప్రమాణ మయ్యెనేని యందొక్కటియు నేఱఁబడి యుండదు. ఏలయన నప్పటి కా పాటలకుఁ జప్పట్లు కొట్టు సభయే లేదు. వారు సాహిత్యముఁ జూచి యేర్చిరి. ఆ పిమ్మట సభ యేర్పడినది. నేఁ డన్నమయ్య సంకీర్తనములు పోటీలలోఁ గూడఁ బాడఁబడుచున్నవి. సంకలనకర్త సభను వెదకికొని పోవుట కాదు, సభను నిర్మించుట వాని పని యనుట కింతకంటె నిదర్శన మేమి కావలెను?

ఇది మాకు గ్రంథచర్చ మాత్రమే గాదు. మా చిలమత్తూరు బెంగుళూరు–హైదరాబాదు రాజమార్గమునకుఁ జేరువనున్న యూరు. 2022 ఏప్రిల్ 4వఱకు ననంతపురము జిల్లాలోనిది. అనంతరము శ్రీ సత్యసాయి జిల్లాలోఁ జేరినది. పొలిమేర దాఁటిన బాగేపల్లి, అది కర్ణాటకము. రెండు భాషలును వీధిలోఁ గలసి నడచును. కన్నడమున దంత్యచకారము లేదు, తెలుఁగునఁ గలదు. ఇంటఁ గన్నడమును, బడిలోఁ దెలుఁగును బలుకు బిడ్డకుఁ ‘జుక్క’ యనునప్పుడు నాలుక పండ్ల మొదలికిఁ జేరవలె నని వ్యాకరణసూత్రముకంటెఁ బాట త్వరగా నేర్పును. పాటయందే యా యక్షరము చెడినచో నుపాధ్యాయుఁడు రెండు మార్లు శ్రమపడవలెను. చెడినదానిని మాన్పుట కొకమాఱు, మంచిదానిని నేర్పుట కొకమాఱు.

అంతకంటె నెక్కువగాఁ బట్టించుకొనవలసినది మఱియొకటి. ఈ సీమలోఁ జెక్కభజన పాటలు గలవు. కైవారము నారాయణప్ప తత్త్వములు గలవు. వేరుసెనగచేలఁ గలుపుదీయునపుడు స్త్రీలు పాడు పాటలు గలవు. కైవారము కన్నడరాజ్యమున నున్నను ఆ యోగి తెలుఁగుననుఁ గీర్తనలు చెప్పినాఁడు. పొలిమేరకు నీ వైపునను ఆ వైపునను వానిని బాడుదురు. మాది వానలు తక్కువైన సీమ. చేను బీడైన యేఁడు కలుపు దీయుపని లేదు. పని లేని చోటఁ బాటయును లేదు. బెంగుళూరికిఁ గూలికిఁ బోయినవారితోఁ బాటయుఁ బోవును గాని, వారు తిరిగి వచ్చునప్పు డది వారితోఁ దిరిగి రాదు. ఇవియే లుప్తమగుచున్న పాటలు. పోటీలలో జానపదగేయములకును నొక్కొక్కప్పుడు చోటు దొరకుచున్నది గాని, అదియుఁ జిత్రములలోఁ జేరి ప్రసిద్ధి గన్న జానపదమునకే. చిత్రములోఁ జేరని పాటకు వాద్యబృందమువద్ద స్వరపత్రము లేదు; పాడువానికి ననుకరించుటకు మూలముద్రణము లేదు; సభకుఁ బోల్చుకొనుటకు జ్ఞాపకము లేదు. కావున మా యూరి పిల్లవాఁ డొకఁడు పోటీకిఁ బోఁగలిగినచోఁ దన యవ్వ పాటను విడిచి ‘శివశంకరీ’ని బాడవలసినవాఁడే. అతఁడు గెలిచినను మా పాట యోడినట్లే.

ఇందుకుఁ బ్రత్యుత్తరముగాఁ గొందఱు చెప్పఁదగిన మాట నేనే చెప్పెదను. పోటీ పరిశోధనసంస్థ గాదు; పిల్లవానికి గెలుపు కావలెను; నిర్వాహకులకు సొమ్ము కావలెను; తెలియని పాట పెట్టినచోఁ జూచువారు లేచిపోవుదురు. ఈ మాట నిజమే. పోటీయంతయు లుప్తోద్ధరణమునకే చెల్లవలె నని నే ననను. పోటీయందలి యెంపిక వేఱు, సంకలనమునందలి యెంపిక వేఱు అని మాత్రమే నా వాదము. పోటీలో లక్షణము పాడువాని సామర్థ్యము, అది న్యాయమే. సంకలనమున లక్షణము పాటయే కావలెను. పోటీ ముగిసిన పిమ్మట గెలిచినవానిని జూచి కూర్పక, పాటను జూచి కూర్చినచో, ఓడినవారు పాడిన యరుదైన పాటకును నిలుచుటకుఁ జోటు దొరకును. మొదటి విడతలోనే వెనుదిరిగిన బాలిక పాడిన యొక మఱుఁగుపడిన పాట, గెలిచినవాఁడు నూఱవమాఱు పాడిన ప్రసిద్ధగీతముకంటె సంకలనమునకు విలువైనది కావచ్చును.

మఱియు జనులు తెలియని పాటను వినరనుటయు సర్వదా సత్యము గాదు. సినిమాతో సంబంధము లేని లలితగీతములను ఆకాశవాణివారు చిరకాలము ప్రసారము చేసిరి. జనులు విని నేర్చుకొనిరి. తెలియనిదానిని దెలుపువాఁ డుండవలెను. పాటకు ముందుగా మూఁడు మాటలు చెప్పి సభను సిద్ధపఱచుటలో బాలసుబ్రహ్మణ్యముగారికిఁ గల నేర్పు అందఱకును దెలిసినదే. ఆ నేర్పు ప్రసిద్ధగీతములకంటె నప్రసిద్ధగీతముల కెక్కువ యక్కఱకు వచ్చును.

కావునఁ బాఠశాలలలోఁ బండితులు చేయఁదగిన పని చిన్నది యొకటి కలదు. వార్షికోత్సవములందు మనమును బాటల పోటీలు పెట్టుచున్నాము. అందుఁ బాడు ప్రతివిద్యార్థియు కవి పేరు చెప్పవలె ననియు, పాట పాఠమును దన చేతితో వ్రాసి యిచ్చి యర్థము చెప్పవలె ననియు, ఒక విడతయం దైనను ముద్రణమున కెక్కని తన యూరి పాటను బాడవలె ననియు నియమింతము గాక. ఆ వ్రాఁతప్రతులను బాడినవారి పేరులతోను, పాట నేర్పిన పెద్దల పేరులతోను గ్రంథాలయమున భద్రపఱచినచోఁ బదియేండ్లలోఁ బ్రతిపాఠశాలకు నొక సంకలన మేర్పడును. దానికిఁ జప్పట్లు తక్కువ కావచ్చును. మడికి సింగన సంకలనమునకుఁ దన కాలమున నెన్ని చప్పట్లు వచ్చినవో యెవ్వరికిఁ దెలియును? అందలి పద్యములు మాత్రము నేఁడు మన చేతిలో నున్నవి.